సెవెన్ (1995): జాన్ డో చదివిన పుస్తకాలు, ఫించర్ కురిపించిన వాన (స్పాయిలర్లు ఉన్నాయి, చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి)

నిశాచరుడు

డైరెక్టర్ డేవిడ్ ఫించర్ సినిమాల మీద థ్రెడ్ ఎప్పుడు వేసినా డబ్బాలో ఏముంది, చూపించి ఉంటే ఎలా ఉండేది అన్న దగ్గరే తిరుగుతోంది. నా ప్రశ్న వేరు. ఏడు మహాపాపాల పేరుతో ఒక్కొక్కర్నీ చంపుతూ పోయే జాన్ డో అనేవాణ్ణి వెతికే ఇద్దరు పోలీసుల కథ ఇది: పెద్దాయన సోమర్‌సెట్, కుర్రాడు మిల్స్. చివర్లో జాన్ డో మిల్స్ భార్య తల డబ్బాలో పంపి, మిల్స్ కోపంతో తనని కాల్చేలా చేసి ఏడు పాపాల లెక్క పూర్తి చేసుకుంటాడు. అందులో పెద్దాయన తుపాకీ కన్నా పుస్తకమే ఎక్కువ పట్టుకుంటాడు. డాంటే, మిల్టన్, చాసర్, షేక్‌స్పియర్, చివర్లో హెమింగ్వే. ఇవన్నీ కథకి నిజంగా కావాలా, లేక మేం చదువుకున్నోళ్ళం అని చెప్పుకోడానికి పెట్టారా?

నాకు తెలిసింది ముందు చెప్తాను. రాసింది ఆండ్రూ కెవిన్ వాకర్. పెన్సిల్వేనియా నుంచి న్యూయార్క్ వచ్చి, టవర్ రికార్డ్స్ అనే మ్యూజిక్ షాపులో పనిచేస్తూ రాసుకున్నాడు. ఆ ఊరు ఆయనకి ఒక్క రోజు కూడా పడలేదట. ఆ చిరాకంతా స్క్రిప్టులోకి దిగింది. సినిమాలో ఊరికి పేరుండదు, గమనించారా? అన్నట్టు మొదట్లో సోమర్‌సెట్ చూడ్డానికి వెళ్ళే శవం వేషం ఆయనదే.

వరంగల్_పోరడు

అన్నా, సీదా చెప్తున్న. షో కోసమే పెట్టిన్రు.

సినిమా మస్తుంటది, దాంట్ల డౌట్ లేదు. కానీ ఆ పుస్తకాలు తీసేసినా కథ నడుస్తది. ఏడు పాపాలు, ఏడు రోజులు, ఏడుగురు. గంతే. డాంటే ఎవరో తెల్వనోడికి కూడా ఆఖరి సీన్ల చెమటలు పడ్తయి. మిల్స్ సంగతే చూడు, కార్ల కూసోని గైడు చదువుకుంటనే డాంటేను బూతులు తిడ్తడు. నేను వాని పార్టీ. లైబ్రరీల ముసలాయన పేజీలు తిప్పుతుంటే వెనక బాక్ సంగీతం వస్తది, మనం "అబ్బ, ఎంత లోతు" అనుకుంటం. ఆ సీన్ల నిజంగ దొరికిన క్లూ ఏంది చెప్పున్రి?

మధిర_మాస్టారు

పోరడు గారికి నమస్కారం. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాణ్ణి. మా పిల్లలూ గైడే చదివేవారు, కాబట్టి మిల్స్ అంటే నాకూ ప్రేమే.

లైబ్రరీ పక్కన పెట్టండి. ఒక్క చీటీ తీసుకుందాం. మొదటి హత్యలో ఒక భారీకాయుణ్ణి చచ్చేదాకా తినిపించి చంపాడు. కడుపులో చిన్న చిన్న ప్లాస్టిక్ పెచ్చులు దొరుకుతాయి. సోమర్‌సెట్ వాటిని సీసాలో వేసుకుని మళ్ళీ ఆ ఇంటికి పోయి, ఫ్రిజ్ ముందు నేల మీద లేచిన గీతల్లో అమర్చి చూస్తాడు. సరిగ్గా సరిపోతాయి. ఫ్రిజ్ జరిపితే గోడ మీద జిడ్డుతో పాపం పేరు, పక్కన చీటీ. అందులో మిల్టన్ కావ్యం "పారడైజ్ లాస్ట్" రెండో భాగంలోని మాట: నరకం నుంచి వెలుగులోకి పోయే దారి దూరం, కఠినం అని.

వినగానే ఏమనిపిస్తుంది? పాపి బాగుపడటం కష్టం అంటున్నాడు కాబోలు అనిపిస్తుంది. కానీ కావ్యంలో ఆ మాట అన్నది సైతాను. నరకంలో కొలువు తీరి ఉంటుంది. దేవుడు కొత్తగా చేసిన మనుషుల్ని చెడగొట్టడానికి ఎవరు వెళ్తారు అని తోటి దయ్యం బీల్జెబబ్ అడుగుతాడు. ఒక్కడూ నోరు విప్పడు. అప్పుడు సైతాను లేచి, దారి ఎంత కష్టమో చెప్పి, నేను వెళ్తానంటాడు. ఆ సందర్భంలోది ఈ వాక్యం. ప్రయాణం బాగుపడటానికి కాదు, పచ్చని తోటలో ఉన్న ఇద్దర్ని పాడుచెయ్యడానికి.

జాన్ డో తనని దేవుడి పని చేస్తున్నవాడిగా చెప్పుకుంటాడు. మొదటి చీటీలో ఎత్తి రాసుకున్నది మాత్రం సైతాను మాట. పైగా ఆఖరికి వాడు పాడుచేసేదీ ఒక భార్యాభర్తల జంటనే. ఇది షో అంటే నేను ఒప్పుకోను.

వరంగల్_పోరడు

మాస్టారూ, మంచిగ చెప్పిన్రు. కానీ ఇది సినిమాల ఎక్కడన్న చెప్తరా? సోమర్‌సెట్ "మిల్టన్" అని పేరు చెప్పి ఊకుంటడు. ఎవరి మాటనో చెప్పడు. చూసెటోడికి తెల్వనప్పుడు అది మీ తెలివి, వాకర్ తెలివి కాదు.

కాఫీడికాక్షన్

చూసేవాళ్ళందరికీ తెలియాలని ఏముంది పోరడు తమ్ముడూ? రెండో హత్యలో లాయరు చేత పౌను మాంసం కోయించి, ఎముకా మృదులాస్థీ రాకూడదని చీటీ రాస్తాడు. సోమర్‌సెట్ "మర్చంట్ ఆఫ్ వెనిస్" అంటే మిల్స్ "నేను చూళ్ళేదు" అంటాడు. తర్వాత లైబ్రరీ కార్డుల జాబితా చదివేటప్పుడు కూడా అంతే. "ఆఫ్ హ్యూమన్ బాండేజ్" పేరు వినగానే మిల్స్ మొహం మారితే సోమర్‌సెట్ "నువ్వనుకునేది కాదు" అంటాడు. ద సాద్ అనే ఫ్రెంచి రచయిత పేరు తప్పుగా పలికితే సరిదిద్దుతాడు. తెలిసినవాడూ తెలియనివాడూ ఒకే కారులో కూర్చోవడమే సినిమా కదా. మనకి తెలియనివి ఉంటాయని రాసినవాడికీ తెలుసు.

రీలు_బాక్సు

సాహిత్యం మాస్టారు చూసుకుంటారు, నేను ల్యాబు సంగతి చెప్తా. మద్రాసులో ప్రింట్లు కడిగిన చేతులివి.

ఈ సినిమా నలుపు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? కలర్ ఫిల్మ్ డెవలప్ చేసినప్పుడు రంగుతో పాటు వెండి కూడా బొమ్మలా ఏర్పడుతుంది. మామూలుగా తర్వాత బ్లీచ్‌లో ముంచుతాం. అప్పుడు ఆ వెండి కరిగే రూపానికి వచ్చి, ఫిక్సర్‌లో కొట్టుకుపోయి, ఒట్టి రంగు మిగులుతుంది. బ్లీచ్ మెట్టు దాటేస్తే వెండి ప్రింటులోనే ఉండిపోతుంది. రంగు మీద బ్లాక్ అండ్ వైట్ బొమ్మ ఒకటి పరిచినట్టే. నీడలు చిక్కబడతాయి, రంగులు వెలిసినట్టు కనబడతాయి. కెమెరామన్ డారియస్ ఖోంజీ, ఫించర్ కలిసి కొన్ని ప్రింట్లకి ఇలా చేయించారు. అన్నిటికీ కాదు, ఖర్చెక్కువ. ల్యాబుకి కడుగునీళ్ళలోంచి తీసుకునే వెండి కూడా ఒక రాబడే, మరి దాన్ని ప్రింటులోనే వదిలెయ్యమంటే ఊరికే ఒప్పుకుంటారా?

వాన సంగతి. షూటింగ్ చాలావరకు లాస్ ఏంజెలెస్‌లో. ఎండలకి పేరున్న ఊరు, ఆ ఏడాది మాత్రం వానలు పట్టుకున్నాయి. మిల్స్ వేషం వేసిన బ్రాడ్ పిట్ ఇంకో సినిమాకి వెళ్ళిపోవాలి, ఆగడానికి తేదీల్లేవు. ఒక షాట్లో తడి, ఇంకో షాట్లో పొడి అయితే కంటిన్యుటీ చచ్చింది. అందుకని ఎప్పుడూ వానే అని తేల్చేశారు. మన విమర్శకులు ఆ వాన మీద పేజీలు పేజీలు రాశారు, ఆత్మ కడుక్కోవడం అదీ ఇదీ అని. పుట్టుక మాత్రం కాల్‌షీటు.

డాలస్_డాబా

అదే వానలో పిట్ చేయి తెగింది. జాన్ డో వెంట పరిగెత్తే సీన్లో తడిసిన కారు మీద జారి, చేయి అద్దంలోంచి దూసుకుపోయింది. నరం దాకా తెగింది. ఆ కట్టుని కథలో కలిపేశారు. కథలో అంతకు ముందు జరిగేవి కానీ తర్వాత తీసినవి కొన్ని సీన్లున్నాయి. వాటిల్లో ఆ చేతిని కనపడకుండా దాచేస్తాడు. ఈసారి చూసినప్పుడు పట్టుకోండి.

మిల్స్ వేషం డెంజెల్ వాషింగ్టన్‌కి ముందు ఇస్తే వద్దన్నాడు, తర్వాత బాధపడ్డానని ఆయనే చెప్పాడు.

నిశాచరుడు

రీలు బాబాయ్, ఆ వెండి సంగతి బంగారం. నేను హాస్టల్లో అరిగిపోయిన వీసీడీ మీద చూశాను మొదటిసారి. నలుపు తప్ప ఏమీ కనపడలేదు, టార్చి లైట్లు రెండు తిరుగుతుంటే కథ విన్నామంతే. అయినా రాత్రి ఎవడూ ఒంటరిగా బాత్రూముకి పోలేదు.

క్లైమాక్స్ ఎలా బతికిందో ఎవరైనా చెప్పండి. తప్పు స్క్రిప్టు పంపారన్న కథ నిజమేనా?

రీలు_బాక్సు

నిజమే. ఫించర్ మొదటి సినిమా "ఏలియన్ 3" (1992). దాని మీద స్టూడియోతో పడిన గొడవలకి ఇంక సినిమాలే వద్దనుకున్నాడు. వాకర్ స్క్రిప్టు అప్పటికి చేతులు మారి, చివర మార్చి మెత్తగా రాయించారు. న్యూ లైన్ స్టూడియో వాళ్ళు ఫించర్‌కి పంపాల్సింది ఆ మెత్తటిది. పొరపాటున పాతది పోయింది, తల ఉన్నది. ఆయన చదివి, చేస్తే ఇదే చేస్తానన్నాడు. నిర్మాత ఆర్నాల్డ్ కోపెల్సన్ మొదట ససేమిరా అన్నాడు. పిట్ కూడా చివర మార్చకూడదని షరతు పెట్టాడు. దాని తర్వాత కూడా సలహాలు ఆగలేదు. భార్య తల బదులు కుక్క తల పెడదాం అన్నది ఒకటి. మిల్స్ కాకుండా సోమర్‌సెట్ కాల్చేలా స్టోరీబోర్డు కూడా గీశారు.

కుక్క తల! అది పెట్టి ఉంటే మనం ఇవాళ ఈ థ్రెడ్‌లో ఉండేవాళ్ళమా?

సుమారు 3.3 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచం మొత్తం మీద 32 కోట్లు దాటింది. ఆస్కార్‌కి వచ్చింది ఒక్క ఎడిటింగ్ నామినేషన్, రిచర్డ్ ఫ్రాన్సిస్-బ్రూస్‌కి. ఖోంజీకి నామినేషన్ కూడా లేదు. దీన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

కాఫీడికాక్షన్

నేను టైటిల్స్ గురించి రాయకపోతే ఈ థ్రెడ్‌కి అన్యాయం. డిటిపి నుంచి మొదలుపెట్టి అక్షరాలతోనే బతుకుతున్నదాన్ని.

కైల్ కూపర్ చేసిన టైటిల్స్. పేర్లు కొన్ని ఫిల్మ్ మీద సూదితో గీకినట్టుంటాయి, వణుకుతుంటాయి, ఒక్కోసారి తిరగబడి వస్తాయి. వెనక నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బ్యాండ్ పాట రీమిక్స్. కానీ అసలు పని కింద జరుగుతుంది. ఒక మనిషి చేతులు మాత్రమే కనిపిస్తాయి. బ్లేడుతో వేలి కొసల తోలు చెక్కుకుంటాడు. సూదీ దారంతో నోటుపుస్తకం కుడతాడు. ఫొటోలు కత్తిరిస్తాడు. డాలరు నోటు మీద దేవుడన్న మాటని కోసి తీస్తాడు. మొదటిసారి చూసినప్పుడు ఇదంతా వింత డిజైన్ అనుకుంటాం. గంట తర్వాత పోలీసులు వాడి గదిలో వేలిముద్ర ఒక్కటీ దొరకలేదన్నప్పుడు తెలుస్తుంది, మనకి ముందే చూపించేశారని.

ఆ నోటుపుస్తకాలు ఉత్తుత్తి అట్టలు కావు. కూర్చుని చేత్తో రాసి, అతికించి, కుట్టి నిజంగా తయారుచేశారు. కథలో అయితే రెండు వేల పుస్తకాలు, ఒక్కోటి 250 పేజీలు. తేదీలుండవు, వరుసుండదు. యాభై మంది పగలూ రాత్రీ చదివినా రెండు నెలలు పడుతుందంటాడు సోమర్‌సెట్. ఆయన చదివి వినిపించే పేజీ గుర్తుందా? రైల్లో ఒకతను ఒంటరితనం కొద్దీ వచ్చి వాతావరణం గురించి మాట కలుపుతాడు. ఆ మాటల చప్పదనానికి తనకి తల నొప్పి పుట్టి, అతని మీదే వాంతి చేసుకున్నానని, నవ్వు ఆపుకోలేకపోయానని రాసుకుంటాడు జాన్ డో.

నాకు శవాలకన్నా ఆ పేజీ భయం. ఎందుకంటే ఆ విసుగు సోమర్‌సెట్‌లోనూ ఉంది. ఊరి మీద, జనం ఉదాసీనత మీద ఇద్దరూ అనేది ఇంచుమించు ఒకటే. ఒకాయన రాత్రుళ్ళు పక్క మీద మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) టిక్కుటిక్కు వింటూ నిద్రపోవాలని చూస్తాడు, ఇంకొకడు నోటుపుస్తకం నింపుతాడు. ఇద్దరూ ఒకే లైబ్రరీ మెంబర్లు!

వరంగల్_పోరడు

అక్కా, ఆఖరి లైనుకు దండం.

ఐతే ఒకటి అడుగుత. మనోళ్ళకు ఇది కొత్తనా? "అపరిచితుడు" (2005) గుర్తు చేసుకోరి. గరుడ పురాణం పట్టుకోని అంధకూపం, కుంభీపాకం, కృమిభోజనం అని ఒక్కొక్కరికి ఒక్కో శిక్ష. ఒగన్ని బర్రెలు తొక్కి సంపుతయి, ఒగన్ని నూనెల ఏంపుతడు, ఒగనికి జెలగలు. శాస్త్రం చదివి సంపుడు అన్నది గదే కదా. మన తాన అరిషడ్వర్గాలు కూడ ఉండె. డాంటే ఎందుకు?

మోడరేటర్

"మనవాళ్ళు రీమేక్ చేస్తే హీరో ఎవరు, డబ్బాలో ఎవరి తల" అంటూ వచ్చిన పోస్టులన్నీ వేరే థ్రెడ్‌లోకి పంపాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ చర్చ బాగుంది, చెడగొట్టొద్దు.

మధిర_మాస్టారు

పోరడు గారు అసలు ప్రశ్న వేశారు.

మొదట లెక్క. ఈ ఏడు పాపాలు బైబిల్లో ఒక వరుసగా ఉండవు. 4వ శతాబ్దంలో ఎవాగ్రియస్ అనే సన్యాసి ఎడారిలో తపస్సు చేసుకునేవాళ్ళకి అడ్డొచ్చే ఎనిమిది దుష్ట ఆలోచనలు రాశాడు. 6వ శతాబ్దం చివర్లో పోప్ గ్రెగరీ వాటిని సవరించి ఏడు చేశాడు. అంటే పుట్టినప్పుడు ఇవి ఒక సాధకుడు తన మనసుని తాను పరీక్షించుకోడానికి రాసుకున్నవి. మన అరిషడ్వర్గాలూ అంతే, లోపలి శత్రువులు. ఎదుటివాడి లోభాన్ని వెతికి పట్టుకోమని ఎవరూ చెప్పలేదు. గరుడ పురాణంలో శిక్షలున్నాయి, కానీ అవి చచ్చాక, యముడి పద్దు. మధ్యలో మనిషికి పనిలేదు.

ఇక డాంటే. జాన్ డో నమూనా అని అందరూ చెప్పే పర్గటరీ కొండ చూడండి, స్వర్గానికి పోయేముందు పాపాలు కడుక్కునే చోటు. ఏడు అంచెలు, ఒక్కో పాపానికి ఒక్కోటి. గర్విష్ఠులు నడుం వంగిపోయేలా బండలు మోస్తూ తిరుగుతారు. అసూయపరుల కనురెప్పలు ఇనప తీగతో కుట్టేసి ఉంటాయి. సోమరులు ఆగకుండా పరుగు తీస్తూ ఉంటారు. తిండిపోతులు కళ్ళు లోతుకుపోయి, ఎముకలు తేలి, పళ్ళచెట్టు కింద ఆకలితో నడుస్తారు. ఏది ఎక్కువైందో దానికి విరుగుడు. బాధే, కానీ పైకి ఎక్కించే బాధ. కొండ కొసకి చేరినవాడికి స్వర్గం ఖాయం.

మరి జాన్ డో చేసిందేమిటి? తిండిపోతుకి ఇంకా తినిపించాడు. సోమరిని ఏడాదిపాటు మంచానికి కట్టి పడేశాడు. విరుగుడు లేదు, కొండ లేదు, కొస లేదు. చాసర్ "కాంటర్‌బరీ టేల్స్"లో పార్సన్ (ఊరి పాదిరి) చెప్పేది చివరి కథ, నిజానికి వచనంలో ఒక ఉపన్యాసం. అందులో ఒక్కో పాపం చెప్పి, వెంటనే దాన్నుంచి ఎలా బయటపడాలో చెబుతాడు. అది కూడా సోమర్‌సెట్ లైబ్రరీలో తీసే పుస్తకమే. జాన్ డో సగం పేజీలే చదివాడన్నమాట, శిక్షలున్న సగం.

ఇంకొక్క మాట, ఇది నా ఊహే సుమా. డాంటే నరకం గురించి రాసిన "ఇన్ఫెర్నో" 28వ సర్గలో బెర్త్రాన్ ద బోర్న్ అనే కవి తన తెగిన తలని జుట్టు పట్టుకుని లాంతరులా ముందు పెట్టుకుని నడుస్తాడు. తండ్రీకొడుకుల మధ్య చిచ్చుపెట్టినందుకు ఆ శిక్ష. తప్పుకి తగ్గ శిక్ష అనే అర్థంలో "కోంట్రపాసో" అన్న మాట డాంటే వాడేది ఆ కవి నోటనే. డబ్బా తెరిచినప్పుడల్లా నాకు ఆ సర్గ గుర్తొస్తుంది. తల తెగాల్సింది విడదీసినవాడిది. ఇక్కడ తెగింది ఏ పాపమూ చెయ్యనామెది. డాంటే లెక్కలో ఆ డబ్బాకి చోటే లేదు.

నిశాచరుడు

మాస్టారూ, ఇదే నాకు కావాల్సింది. "అపరిచితుడు"తో తేడా కూడా ఇక్కడే ఉంది. అక్కడ సినిమా చంపేవాడి పక్షం. బర్రెలు తొక్కుతుంటే హాల్లో ఈలలు. ఇక్కడ హత్య జరుగుతుండగా ఒక్కటీ చూపించరు. అన్నీ అయిపోయాక వెళ్తాం, టార్చి వేసి చూస్తాం. పడుపువృత్తి చేసే అమ్మాయి హత్య అయితే ఎదురెదురు గదుల్లో ఇద్దరు మనుషులు చెప్పే మాటల్లోనే ఉంది, ఆయుధం ఫొటో రెండు క్షణాలు కనిపిస్తుందంతే. మన కళ్ళ ముందు పడే ప్రాణం జాన్ డోది ఒక్కటే. ఈల వెయ్యాలంటే వాడు చచ్చినప్పుడే వెయ్యాలి. వేస్తే వాడు గెలిచినట్టు.

డాలస్_డాబా

జాన్ డో వేషం వేసిన కెవిన్ స్పేసీ పేరు మొదట టైటిల్స్‌లో వెయ్యకపోవడం కూడా దీనికే పనికొచ్చింది. ప్రచారంలోనూ దాచారు. పోలీస్ స్టేషన్‌లోకి నెత్తుటి చేతులతో నడిచొచ్చి "డిటెక్టివ్!" అని అరిచేదాకా హాల్లో ఎవరికీ తెలీదు. చివర్లో పేర్లు పైనుంచి కిందకి దిగుతాయి, అది కూడా చూడండి. అలవాటైన కంటికి ఏదో తేడాగా ఉంటుంది, ఏమిటో వెంటనే అందదు.

నల్లకోటు

కోర్టుకి సెలవు కాబట్టి నేనూ దూరుతున్నా. మీరంతా డాంటే దగ్గర ఉన్నారు, నా కన్ను ఆ తలుపు మీద ఉంది.

జాన్ డో ఇంటి అడ్రసు ఎలా దొరికింది? ఎఫ్‌బీఐలో తెలిసినవాడికి డబ్బిచ్చి, ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న రహస్య జాబితా తీయించాడు సోమర్‌సెట్. కోర్టులో చెప్పుకోలేని దారి. అందుకే కాల్పుల తర్వాత మిల్స్ తలుపు తన్నబోతే ఆయన అడ్డం పడతాడు, వారెంటు లేదు, ఇక్కడికెలా వచ్చామని అడిగితే ఏం చెప్తాం అని. మిల్స్ ఆగడు, తన్నేస్తాడు. తర్వాత ఎవరో ఇల్లూవాకిలీ లేని ఆవిడకి డబ్బిచ్చి, అనుమానం వచ్చి నేనే పిలిచానని చెప్పిస్తాడు. అమెరికాలో అక్రమంగా దొరికిన సాక్ష్యం చెల్లదు, దాని వెంట వచ్చినవీ చెల్లవు. మన దగ్గర అంత గట్టిగా లేదు. పూరణ్ మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం, సోదా సక్రమంగా లేకపోయినా దొరికింది కేసుకి సంబంధించినదైతే సాక్ష్యంగా తీసుకోవచ్చు. మన ఊళ్ళో అయితే ఆవిడకి డబ్బులిచ్చే అవసరమే రాకపోను.

పోరడు గారూ, లైబ్రరీలో దొరికిన క్లూ ఏంటన్నారు కదా. అడ్రసే దొరికింది. పుస్తకాలు తీసేస్తే ఆ తలుపు దాకా వెళ్ళే దారి లేదు.

వరంగల్_పోరడు

లాయర్ సాబ్ క్రాస్ ఎగ్జామినేషన్ల ఏసిండు నన్ను. సరే, అడ్రసుకు పనికొచ్చినయి. నా కంప్లైంట్ ఆఖరి మాట మీద. మిల్స్‌ను కార్ల తీస్కపోయినంక సోమర్‌సెట్ గొంతుల హెమింగ్వే వస్తది. లోకం మంచిది, కొట్లాడదగ్గది అని హెమింగ్వే రాసిండు, రెండో ముక్కకు నేను ఒప్పుకుంట అని. అంత పెద్ద దెబ్బ కొట్టినంక మళ్ళ మందు రాసుడెందుకు? తుపాకి పేలంగనే తెర నల్లగ చేసి ఇంటికి పంపాలె. అది స్టూడియో అతికిచ్చిన ముక్క లెక్కనే కొడ్తది.

రీలు_బాక్సు

అతికించిందే. కాల్పు దగ్గరే నల్ల తెర వేద్దామన్నది ఫించర్ కోరిక. జనం తట్టుకోలేరని సర్దుబాటు చేశారు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర నిలబడిన ఎవడికైనా ఆ కుట్టు కనపడుతుంది.

కాఫీడికాక్షన్

కుట్టు కనపడినా నాకు ఆ వాక్యం కావాలి. అది హెమింగ్వే నవల "ఫర్ హూమ్ ది బెల్ టోల్స్"లోది. చివర్లో హీరో రాబర్ట్ జోర్డన్ కాలు విరిగి కొండ మీద పడి ఉంటాడు. తనవాళ్ళు వెళ్ళిపోయారు, శత్రువు వస్తున్నాడు. అప్పుడు అనుకుంటాడు, లోకం మంచిది, దానికోసం పోరాడవచ్చు, దీన్ని వదిలిపోవాలంటే చాలా కష్టంగా ఉంది అని. సినిమాలో ఆ మూడో ముక్క ఎగిరిపోయింది. సినిమా అంతా వదిలిపోవాలని చూసేది సోమర్‌సెట్. వారంలో రిటైర్మెంట్, ఊరికి దూరంగా ఇల్లు. చివర్లో కెప్టెన్ ఎక్కడుంటావని అడిగితే, ఇక్కడే ఎక్కడో ఉంటానంటాడు. జోర్డన్‌కి ఉండాలనుంది, చావు వచ్చింది. ఈయనకి వెళ్ళాలనుంది, వెళ్ళలేదు. వాక్యంలో వదిలేసిన ముక్కని ఆయన చేసి చూపించాడు. స్టూడియో అడిగి రాయించినా సరే, రాసినవాడు ఊరికే రాయలేదు.

వరంగల్_పోరడు

అక్కా, నువ్వు చెప్తే మంచిగనే ఉంది, సినిమాల వినేటప్పుడు మాత్రం నాకు ఇంక అతికిచ్చినట్టే ఉంటది. ఏం చేస్తం.

లాయర్ సాబ్, ఒకటి చెప్పి పోరి. మిల్స్ మన తాన కాలిస్తే ఎంత పడ్తది?

నల్లకోటు

302 (హత్య నేరం) కాదు అని వాదిస్తాను. పాత ఐపీసీలో 300 సెక్షన్ మొదటి మినహాయింపు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 101: తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం వల్ల నిగ్రహం కోల్పోయి చంపితే అది మర్డర్ కాదు, ఒక మెట్టు కింది నేరం. భార్య ప్రియుణ్ణి కాల్చిన నేవీ అధికారి నానావతికి ఇది దొరకలేదు. భార్య చెప్పిన మాటకీ కాల్పులకీ మధ్య చల్లబడటానికి కావలసినంత సమయం ఉందని సుప్రీంకోర్టు అంది. మిల్స్‌కి ఆ సమయం నిమిషాల్లో ఉంది. పైగా చచ్చినవాడు కావాలనే, ఒక్కో మాట ఎంచి, కడుపులో బిడ్డ సంగతి ఆఖరికి దాచుకుని మరీ రెచ్చగొట్టాడు.

ప్రాసిక్యూషన్ ఊరుకోదు. చచ్చినవాడు సంకెళ్ళతో మోకాళ్ళ మీద ఉన్న ఖైదీ. పక్కన సీనియర్ అధికారి వద్దు, వాడికి కావలసింది ఇదే అని అరుస్తున్నాడు. తుపాకీ ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. ఒక్కసారి కాల్చి ఆగలేదు, గుళ్ళు దించుతూనే ఉన్నాడు. ఇది నిగ్రహం పోవడమా, ఆలోచించి తేల్చుకోవడమా అని అడుగుతారు. నా ఒక్కగానొక్క ప్రత్యక్ష సాక్షి సోమర్‌సెట్. ఆయన్ని బోను ఎక్కించాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోయాను. ఎక్కిస్తే నిజం చెప్పేస్తాడు.

మధిర_మాస్టారు

ఎక్కించకండి. ముందు మిల్టన్ గురించి చెప్పడం మొదలుపెడతాడు, జడ్జి గారు భోజనానికి లేచిపోతారు.